అమెరికా నగరాలు వలసలతో ఎలా పెరిగాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను న్యూజెర్సీలో ఉంటాను. ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు స్టాట్యూ ఆఫ్ లిబర్టీ చూపించమంటారు. అదే టికెట్ మీద పడవ, ఒకప్పుడు వలస వచ్చినవాళ్లను పరీక్షించిన ఎల్లిస్ ఐలండ్ దగ్గర కూడా ఆగుతుంది. చాలామంది దిగకుండా కూర్చుంటారు. మావాళ్లను మాత్రం నేను పట్టుబట్టి దింపుతాను. లోపల ఓ గంట తిరిగేసరికి ప్రశ్నలు మొదలవుతాయి. తిరుగు ప్రయాణంలో, భోజనాల దగ్గర, ఫోన్లో, అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. పోయిన వేసవిలో మా పిన్ని అడిగినవి కూడా కలిపి, నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇది ఏ కాలం సంగతి? ఎంతమంది వచ్చారు?

అమెరికాలో అంతర్యుద్ధం 1865లో ముగిసింది. అప్పటి నుంచి 1924లో వలసల తలుపు దాదాపు మూసేసేదాకా నడిచిన కథ ఇది. అందులోనూ ఉధృతి అంతా 1880-1920 మధ్యే. ఆ నలభై ఏళ్లలో రెండు కోట్లకు పైగా జనం వచ్చారు. ఒక్క 1907లోనే దాదాపు 12 లక్షల 85 వేల మంది దిగారు.

అదే కాలంలో దేశం పల్లె వదిలి పట్నం పట్టింది. 1870లో నలుగురిలో ఒకరు పట్టణవాసి. 1920 జనాభా లెక్కల్లో మొదటిసారిగా పట్టణాల జనం సగం దాటారు. అయితే ఆ లెక్కలో 2,500 మంది ఉన్న ఊరు కూడా పట్టణమే, అది గుర్తుపెట్టుకోవాలి. ఇక పెద్ద నగరాల సంగతి వేరు. 1910లో న్యూయార్క్ జనాభా 47 లక్షల 66 వేలు. వాళ్లలో పదిమందికి నలుగురు వేరే దేశంలో పుట్టినవాళ్లే. వాళ్లకు అమెరికాలో పుట్టిన పిల్లల్ని కూడా కలిపితే మిగిలేది కొద్దిమందే.

సొంతూరు వదిలి అంత దూరం ఎందుకొచ్చారు?

ఒక్కొక్కరిది ఒక్కో కారణం. అంతకు ముందే, 1845 తర్వాత ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి కరువొచ్చింది. అక్కడి వాళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి ఓడలెక్కారు. దక్షిణ ఇటలీలో ముక్కలైన భూమి, పన్నులు, కూలికి పని దొరక్కపోవడం జనాన్ని తరిమాయి. రష్యాలో 1881లో చక్రవర్తి రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత యూదుల ఇళ్ల మీద మూకదాడులు మొదలయ్యాయి. తర్వాతి నలభై ఏళ్లలో తూర్పు యూరప్ నుంచి ఇరవై లక్షల మంది దాకా యూదులు వచ్చారు. వాళ్లు కుటుంబాలతో సహా వచ్చారు, ఎందుకంటే వెనక్కి వెళ్లడానికి వాళ్లకు ఇల్లు మిగల్లేదు.

ప్రయాణం కూడా మారిపోయింది. తెరచాప ఓడలో అయిదారు వారాలు పట్టేది, ఆవిరి ఓడలో పది పన్నెండు రోజులకు తగ్గింది. ఓడ అడుగు అంతస్తులో టికెట్ సుమారు 30 డాలర్లు. చాలామందికి ఆ టికెట్ ముందే వెళ్లిన అన్నో, బావో పంపేవాడు. ఒకరు కుదురుకుని ఇంకొకరిని పిలిపించుకోవడం మనకు కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎల్లిస్ ఐలండ్‌లో ఏం జరిగేది?

ఈ కేంద్రం 1892 జనవరి 1న తెరిచారు. మొదట నమోదైంది ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతం నుంచి తమ్ముళ్లతో వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి. ఆ చెక్క భవనం 1897లో తగలబడిపోయింది. ఇప్పుడు మనం చూసే ఇటుక భవనం 1900 చివర్లో మొదలైంది. 1954లో మూసేసేదాకా ఈ కేంద్రం గుండా వెళ్లినవాళ్లు దాదాపు కోటీ 20 లక్షలు. 1907 ఏప్రిల్ 17న ఒక్కరోజే 11,747 మందిని చూశారు.

మొదటి, రెండో తరగతి ప్రయాణికులు ఇక్కడికి రానక్కర్లేదు. వాళ్లను ఓడలోనే పైపైన చూసి పంపేసేవారు. అడుగు అంతస్తు వాళ్లు మాత్రం మూటాముల్లె కింద పెట్టి, మెట్లెక్కి పై హాలుకు రావాలి. పరీక్ష ఆ మెట్ల మీదే మొదలైపోయేది. ఎవరికి ఆయాసం వస్తోంది, ఎవరు కుంటుతున్నారు అని పైనుంచి డాక్టర్లు చూస్తుండేవారు. ఒక్కో మనిషికి దక్కేది కొన్ని సెకన్లే. అనుమానం వస్తే కోటు మీద సుద్దముక్కతో గుర్తు గీసేవారు: కుంటికి ‘ఎల్’, గుండెకు ‘హెచ్’, కంటికి ‘ఈ’, బుద్ధి సరిగా లేదనిపిస్తే ‘ఎక్స్’. ట్రకోమా అనే కంటిజబ్బు ఉందేమోనని, బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో కనురెప్ప తిరగేసి చూసేవారు. ఆ కొక్కెం అక్కడ అద్దాల పెట్టెలో ఉంది. పిన్ని దాన్ని చూసి తన కన్ను మూసుకుంది.

తర్వాత ప్రశ్నలు. పేరేమిటి, ఎక్కడికెళ్తున్నావు, ఎవరున్నారు, చేతిలో ఎంతుంది? పని ముందే కుదిరిందా అన్న ప్రశ్నకు ‘అవును’ అన్నారో, చిక్కే. కూలీలను ముందస్తు ఒప్పందం మీద తెప్పించడాన్ని 1885 చట్టం నిషేధించింది. పనిలేనివాడని పంపేస్తారేమోనన్న భయం ఒకవైపు, పని కుదిరిందంటే పంపేస్తారన్న భయం ఇంకోవైపు. చివరికి తిప్పి పంపింది నూటికి ఇద్దరినే. ఆ ఇద్దరిలో పసిపిల్లలుంటే తల్లో తండ్రో కూడా వెనక్కి వెళ్లాల్సి వచ్చేది. అందుకే ఆ అంకె చిన్నదని నేను అనలేను.

అధికారులు అక్కడ పేర్లు మార్చేసేవారట కదా?

లేదు. ఈ మాట బాగా పాకింది, సినిమాల్లోనూ కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ ముందు ఓడ కంపెనీ ఇచ్చిన ప్రయాణికుల పట్టీ ఉండేది. పేర్లు అందులో యూరప్ రేవులోనే రాసి వచ్చేవి. ఆయన వాటితో సరిచూసుకునేవాడంతే. దుబాసీలు కూడా ఉండేవారు. పేర్లు మారింది తర్వాత. బడిలో టీచరు నోరు తిరగక, ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ గుర్తుకోసం, లేదంటే ఉద్యోగం కోసం వాళ్లంతట వాళ్లే మార్చుకున్నారు.

ఏ నగరం అన్నిటికంటే వేగంగా పెరిగింది?

షికాగో. 1840లో అక్కడ 4,470 మంది. 1890లో దాదాపు 11 లక్షలు. అంటే చిన్నప్పుడు బురద ఊరిని చూసినవాడు ముసలివాడయ్యేసరికి మహానగరంలో ఉన్నాడు. 1848లో కాలువా, తొలి రైలూ రెండూ వచ్చాయి. పడమటి మైదానాల గోధుమ, ఉత్తరాది కలప, పశువులు అన్నీ షికాగో మీదుగానే వెళ్లాలి. 1865 క్రిస్మస్ రోజున యూనియన్ స్టాక్ యార్డ్స్ తెరిచారు. పశువు ఒకవైపు నుంచి వెళ్లి, ఇంకోవైపు మాంసంగా, తోలుగా, జిగురుగా, సబ్బుగా బయటికొచ్చేది. కళేబరం కొక్కేనికి వేలాడుతూ కదులుతుంటే, ఒక్కో కూలీ రోజంతా ఒకే కోత కోసేవాడు. ఆ పనిలో మొదట ఐరిష్, జర్మన్లు, తర్వాత పోలిష్, లిథువేనియన్ జనం.

1871 అక్టోబరులో ఊరు తగలబడింది. దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మందికి నిలువ నీడ లేకుండా పోయింది. నిప్పు డికోవెన్ వీధిలో కాథరిన్ ఓలియరీ అనే ఐరిష్ ఆవిడ పశువులపాకలో పుట్టింది. ఆవు లాంతరును తన్నిందని పత్రికలు కథ అల్లాయి. పేదది, ఐరిష్ మనిషి, ఆడది, కాథలిక్కు. నింద ఆమె మీద అతుక్కుపోయింది. షికాగో నగర సభ ఆమె తప్పేమీ లేదని తీర్మానం చేసింది 1997లో, అంటే 126 ఏళ్ల తర్వాత! ఆమె మిగతా జీవితమంతా జనానికి మొహం చూపించకుండా గడిపింది. ఈ విషయం చెప్పకుండా షికాగో గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

బూడిద మీదే కొత్త ఊరు లేచింది. 1885లో ఉక్కు చట్రం వాడి కట్టిన పదంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనం అక్కడిదే. ఇక మురుగు. అదంతా నది ద్వారా మిషిగన్ సరస్సులోకి పోయేది, తాగునీరూ ఆ సరస్సుదే. 1900లో కాలువ తవ్వి ఏకంగా నది దిశనే తిప్పేశారు.

అంత ఇరుకు ఇళ్లలో ఎందుకున్నారు? వాళ్ల అలవాటా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ రోజుల్లో పెద్దమనుషులు కూడా ఇదే అన్నారు, వాళ్లకు అలా ఉండటమే ఇష్టమని. కాదు. పని దగ్గర ఇల్లు కావాలి. పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గరుండాలంటే నడిచి వెళ్లే దూరంలోనే ఉండాలి. అద్దె కట్టాలంటే ఇంకొకరికి మంచం అద్దెకివ్వాలి. ఇంటి యజమానికేమో ఎన్ని గదులుంటే అంత రాబడి. ఇరుకుతనం ఈ లెక్కలోంచి పుట్టింది.

న్యూయార్క్‌లో, మాన్‌హటన్ లోయర్ ఈస్ట్ సైడ్ పేటలో 97, ఆర్చర్డ్ వీధి అని ఒక అయిదంతస్తుల ఇల్లుంది. 1863లో కట్టించింది కూడా ఒక వలసదారుడే, జర్మనీ నుంచి వచ్చిన దర్జీ. ఇప్పుడది మ్యూజియం. ఒక్కో వాటా 325 చదరపు అడుగులు, అందులో మూడు గదులు. వీధి వైపో, పెరటి వైపో ఉన్న ఒక్క గదికే వెలుతురు. నడిమి గది వంటిల్లు, వెనక గది పడక. అవి పగలు కూడా చీకటే. మరుగుదొడ్లు కింద పెరట్లో ఉండేవి. అయిదో అంతస్తు తల్లి రాత్రి పసివాణ్ని ఎత్తుకుని ఆ మెట్లు దిగి ఎక్కాలి. నీళ్ల బిందె, బొగ్గు బకెట్, బట్టల మూట అన్నీ ఆ మెట్ల మీదే. 1863 నుంచి 1935 వరకు ఆ ఒక్క ఇంట్లో దాదాపు 7,000 మంది కాపురమున్నారు.

చట్టాలు రాలేదా? వచ్చాయి. ప్రతి గదికీ బయటి గాలికి తెరుచుకునే కిటికీ ఉండాలని 1879లో చట్టం చేశారు. యజమానులు రెండు భవనాల మధ్య సన్నటి గాలి గొట్టం వదిలి కిటికీ పెట్టామన్నారు. పైనుంచి చూస్తే భవనం డంబెల్ ఆకారంలో ఉండేది. ఆ గొట్టంలోకి వచ్చే గాలి తక్కువ, పడే చెత్త ఎక్కువ. కింద నిప్పంటుకుంటే అదే పొగగొట్టమై పై అంతస్తుకు మంట మోసేది. 1901 చట్టం వచ్చాకగానీ కొత్త ఇళ్లకు వెడల్పైన పెరడు, వాటాకొక మరుగుదొడ్డి తప్పనిసరి కాలేదు.

ఈ చీకటి గదుల్ని లోకానికి చూపించింది జేకబ్ రీస్. డెన్మార్క్ నుంచి 1870లో వచ్చి, తిండిలేక పోలీస్ స్టేషన్లలో నేల మీద పడుకున్న మనిషి. తర్వాత పోలీసు వార్తలు రాసే విలేకరి అయ్యాడు. మెగ్నీషియం పొడి వెలుగుతో రాత్రిళ్లు ఫొటోలు తీసి 1890లో పుస్తకం వేశాడు. ఆ పుస్తకం వల్ల మేలు జరిగింది. కానీ ఇటాలియన్లు ఇలాంటివాళ్లు, యూదులు అలాంటివాళ్లు, చైనావాళ్లు ఇంకోలాంటివాళ్లు అని అందులో రాసిన మాటలు చదివితే బాధేస్తుంది. తానూ వలస వచ్చినవాడే కదా, ఆ మాటలు ఎలా రాయగలిగాడు?

ఏం పనులు చేసేవారు?

భాష రానివాడికి మొదట దొరికేది పారా, గునపమే. ఇటాలియన్లకు ‘పద్రోనే’ అనేవాడుండేవాడు. మన ముఠా మేస్త్రీ లాంటివాడు. పని చూపించి, కూలిలో తన వాటా కోసుకుని, తిండీ బసా కూడా తనే అమ్మేవాడు. 1904లో తెరిచిన న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు) సొరంగాలు ఈ కూలీలు తవ్వినవే. 1883లో తెరిచిన బ్రూక్లిన్ వంతెనకు రూపకర్త జర్మనీ నుంచి వచ్చిన జాన్ రోబ్లింగ్. నది అడుగున పెట్టెల్లాంటి గదుల్లో, ఒత్తిడి గాలి మధ్య మట్టి తవ్విన కూలీల్లో చాలామంది ఐరిష్, జర్మన్, ఇటాలియన్ మనుషులు. పైకి వచ్చాక కీళ్లు మెలితిరిగి ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

పిట్స్‌బర్గ్ ఉక్కు కొలిమిల్లో రోజుకు పన్నెండు గంటలు. పగలు డ్యూటీ రాత్రికి మారే రోజున వరసగా 24 గంటలు నిలబడాలి. ఎనిమిది గంటల పని అక్కడికి 1923లో వచ్చింది. ఆ ఉక్కుకు అధిపతి అయిన ఆండ్రూ కార్నెగీ కూడా స్కాట్లండ్ నుంచి 1848లో చిన్నపిల్లాడిగా వచ్చి, వారానికి డాలరూ 20 సెంట్లకు నూలుమిల్లులో పనిచేసినవాడే.

ఆడవాళ్లు, పిల్లలు ఇంట్లోనే బట్టలు కుట్టేవారు, కాగితం పూలు చేసేవారు. న్యూయార్క్‌లో కుట్టుమిషన్ల మీద బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు వచ్చాక అమ్మాయిలు వాటిల్లో చేరారు.

ట్రయాంగిల్ అగ్నిప్రమాదం అంటే ఏమిటి?

1911 మార్చి 25, శనివారం సాయంత్రం. పని ముగించే వేళ. మాన్‌హటన్‌లో పదంతస్తుల భవనం, పై మూడంతస్తుల్లో ట్రయాంగిల్ కంపెనీ. ఆడవాళ్ల చొక్కాలు కుట్టేవారు. ఎనిమిదో అంతస్తులో గుడ్డపీలికల తొట్టెకు నిప్పంటుకుంది. తొమ్మిదో అంతస్తులో ఒకవైపు తలుపుకు తాళం వేసి ఉంది. వెళ్లేటప్పుడు అందరి సంచులూ ఒకేచోట వెతకడానికి వేసిన తాళమది. బయటి ఇనుప మెట్లు బరువుకు ఊడి పడిపోయాయి. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాకే అందింది. 146 మంది చనిపోయారు, వాళ్లలో 123 మంది ఆడవాళ్లు. ఎక్కువమంది పదహారు నుంచి ఇరవైమూడేళ్ల లోపు యూదు, ఇటాలియన్ అమ్మాయిలు. రెండేళ్ల కిందటే, 1909లో, ఇదే పరిశ్రమలోని అమ్మాయిలు వేల సంఖ్యలో సమ్మె చేశారు. యూక్రెయిన్ నుంచి వచ్చిన క్లారా లెమ్లిక్ అనే అమ్మాయి సభలో లేచి యూదులు మాట్లాడే యిద్దిష్ భాషలో సమ్మెకు పిలుపిచ్చింది. ట్రయాంగిల్ యజమానులు యూనియన్‌ను ఒప్పుకోలేదు. ఆ యజమానులిద్దరూ కూడా రష్యా నుంచి వలస వచ్చినవాళ్లే. కోర్టు వాళ్లను నిర్దోషులంది.

ఆ రోజు రోడ్డు మీద నిలబడి, పైనుంచి దూకుతున్నవాళ్లను చూసినవాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. తర్వాత రాష్ట్రం వేసిన విచారణ సంఘంలో ఆవిడ పనిచేసింది. తలుపులు బయటికి తెరుచుకోవాలి, తాళాలుండకూడదు, మంటలార్పే నీటి గొట్టాలుండాలి అన్న నిబంధనలు ఆ తర్వాత వచ్చినవే. 1933లో ఆవిడ కార్మిక మంత్రి అయింది, అమెరికా క్యాబినెట్‌లో తొలి మహిళ.

వాళ్లను పట్టించుకునేవాళ్లే లేరా?

న్యూయార్క్‌లో టామనీ హాల్ అనే డెమొక్రటిక్ పార్టీ ముఠా ఉండేది. చలికాలం బొగ్గు, మునిసిపల్ ఉద్యోగం, చావుకు ఖర్చు, పౌరసత్వం కాగితాలు అన్నీ వాళ్లే చూసేవారు, బదులుగా ఓటు. ఖజానా మాత్రం గుల్ల చేశారు. వాళ్ల నాయకుడు విలియం ట్వీడ్ చివరికి 1878లో జైల్లో పోయాడు. దోపిడీ నిజం. ఆకలి వేళ తలుపు తట్టింది వాళ్లేనన్నదీ నిజం.

ఇంకో రకం మనుషులూ ఉన్నారు. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో షికాగో వలస పేటలో హల్ హౌస్ పెట్టి అక్కడే కాపురమున్నారు. పిల్లల్ని చూసుకున్నారు, రాత్రి బడి నడిపారు. వీధిలో చెత్త ఎత్తడం లేదని ఆడమ్స్ 1895లో ఆ వార్డుకు చెత్త ఇన్‌స్పెక్టర్‌గా చేరి, తెల్లారకముందే చెత్త బళ్ల వెనక తిరిగేది.

వచ్చినవాళ్లంతా ఉండిపోయారా?

లేదు. దాదాపు మూడోవంతు మంది తిరిగి వెళ్లిపోయారు. ఇటాలియన్ మగవాళ్లలో ఇంకా ఎక్కువ. నాలుగు డబ్బులు కూడబెట్టి, ఊళ్లో పొలం కొని, అప్పు తీర్చి, మళ్లీ వచ్చినవాళ్లూ ఉన్నారు.

చైనావాళ్లు, భారతీయులు ఈ కథలో ఎక్కడ?

పడమటి తీరంలో. 1869లో పూర్తయిన ఖండాంతర రైలుమార్గాన్ని పర్వతాల మధ్య వేసింది వేలమంది చైనా కూలీలు. పదమూడేళ్లకే, 1882లో, చైనా కూలీలు రాకూడదని చట్టం చేశారు. అది 1943 దాకా నడిచింది. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఏంజెల్ ఐలండ్‌లో 1910 నుంచి 1940 వరకు వాళ్లను వారాలు, నెలలు కూడా నిర్బంధించారు. ఆ చెక్క గోడల మీద వాళ్లు చెక్కిన పద్యాలు ఇప్పటికీ ఉన్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను చైనా వెళ్లి వస్తుంటే దిగనివ్వలేదు. సుప్రీంకోర్టు 1898లో ఆయన పుట్టుకతోనే పౌరుడంది. ఇక్కడ పుట్టిన మన పిల్లల పౌరసత్వానికి అండ ఆ తీర్పే.

పంజాబీలు కలప మిల్లుల్లో పనిచేసేవారు. 1907లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో వాళ్లను కొట్టి ఊరు దాటించారు. పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది. ఆ అడ్డు 1946లో తొలగింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో, తర్వాత న్యూయార్క్ పక్కన, ప్రాణాలు నిలిపే మందుల మీద పనిచేసిన ఏళ్లలో ఎక్కువ భాగం ఆ అడ్డు ఉన్నవే. మనం వచ్చింది వలసల తలుపు మళ్లీ తెరిచిన 1965 చట్టం తర్వాత.

మరి ఈ వలసలు ఎప్పుడు ఆగాయి?

1917లో చదవడం వచ్చా అని పరీక్ష పెట్టారు. 1921లో దేశానికింత అని కోటా, 1924లో దాన్ని ఇంకా బిగించారు. 1890 లెక్కల్ని ప్రాతిపదికగా తీసుకోవడంలోనే ఉద్దేశం ఉంది: ఇటాలియన్లు, యూదులు పెద్దగా రాని నాటి లెక్కలవి. 1907లో 2 లక్షల 85 వేల మంది వచ్చిన ఇటలీకి ఏడాదికి 4 వేల లోపు మిగిలాయి. ఫ్యాక్టరీలకు మనుషులు కావాలి కదా, మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచే దక్షిణాది నల్లజాతి కుటుంబాలు షికాగో, డెట్రాయిట్ రైళ్లెక్కడం మొదలైంది. అది మరో పెద్ద కథ.

న్యూయార్క్ వస్తే ఏం చూడాలి?

ఎల్లిస్ ఐలండ్‌లో పెద్ద హాలు. పైకి చూడండి, ఆ పెంకుల కప్పు స్పెయిన్ నుంచి వచ్చిన గ్వాస్తావినో కుటుంబం పనితనం. తర్వాత ఆర్చర్డ్ వీధి ఇంటికి వెళ్లండి. అక్కడి నుంచి ట్రయాంగిల్ భవనానికి నడిచి వెళ్లొచ్చు. అది ఇప్పటికీ నిలబడే ఉంది, యూనివర్సిటీ తరగతులు నడుస్తున్నాయి. మార్చి 25న గనక ఊళ్లో ఉంటే లోయర్ ఈస్ట్ సైడ్ వీధుల్లో కింద చూసుకుంటూ నడవండి. ఆ 146 మంది ఏ ఇంట్లో ఉండేవారో, ఆ ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద వాళ్ల పేరు, వయసు సుద్దముక్కలతో రాసి ఉంటాయి.